మాణిక్యాంబ ఇంట్లో దెయ్యం

మాణిక్యాంబకు అనుమానం పుట్టుకతో వచ్చిందో, కాపరానికి వచ్చాక అబ్బిందో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు. రాజమండ్రి ఆర్యాపురంలో ఆవిడ వీధివాళ్ళకు మాత్రం ఆ అనుమానం మునిసిపాలిటీ కుళాయి కంటే పాతది. పాలవాడు పాలు పోస్తుంటే ముందు చెంబులోకి చూసేది, తరవాత వాడి మొహంలోకి చూసేది. కూరల బండివాడు తూకం వేస్తే, తక్కెడ రెండో చేత్తో పట్టుకుని మళ్ళీ వెయ్యమనేది. పక్కింటి పిల్లి తన ప్రహరీ మీద కూర్చుంటే అది దానంతటది వచ్చి కూర్చుందంటే నమ్మేది కాదు, ఎవరో పంపి ఉంటారనేది. అలాగని చెడ్డమనిషి కాదు. ఒకరి సొమ్ముకు ఆశపడలేదు, ఒకరి మీద చాడీ చెప్పలేదు. తనను మోసం చెయ్యడానికి లోకం పొద్దున్నే లేస్తుందని గట్టిగా నమ్మి, దానికంటే ముందు లేచేది. అంతే.

ఇల్లు పాతకాలపు పెంకుటిల్లు, రెండు వాటాలు. పెరటివైపు వాటాలో ఆవిడ ఉండేది, వీధివైపు వాటా అద్దెకు ఇచ్చేది. రెండు వాటాలకూ మధ్య ఒక తలుపు, దాని గడియ ఆవిడవైపు. నూతి దగ్గర మొదలైన సన్నటి వసారా ఆ తలుపు ముందునుంచి పోయి దేవుడి గది గుమ్మం దగ్గర ఆగుతుంది. అద్దెకు వచ్చినవాళ్ళు ఏడాది తిరక్కుండా సామాను సర్దుకునేవారు. కొందరిని ఉల్లిపాయ వాసన వస్తోందని ఆవిడే కసిరి పంపింది. మిగిలినవాళ్ళు ఎందుకు పోయారో ఆవిడకు తెలీదు, ఏదో దాచి పోతున్నారనే అనుకునేది. అందరికంటే ఎక్కువకాలం ఉన్నది మణిశంకర్ అనే టీచరూ, ఆయన భార్య ఫణిశ్రీ. వాళ్ళూ ట్రాన్స్‌ఫరని చెప్పి ద్రాక్షారామం వెళ్ళిపోయారు. తరవాత ఆ వాటా ఖాళీగా పడుంది.

ఇక ఆవిడ మడి సంగతి చెప్పాలి. తెల్లవారుతూనే నూతి దగ్గర నెత్తిమీదుగా నీళ్ళు పోసుకుని, ఆ తడిబట్టతోనే మడినీళ్ళ బిందె పట్టుకుని వసారా వెంట దేవుడి గదికి వెళ్ళేది. అప్పటినుంచి నైవేద్యం పెట్టి గంట కొట్టేదాకా ఆవిణ్ణి ఎవరూ తాకకూడదు. ఇంతవరకూ చాలా ఇళ్ళలో ఉన్నదే. ఈ ఇంట్లో ఇంకో మెట్టు ఎక్కువ. గంట మోగేదాకా పలకకూడదు కూడా. ఎవరు పిలవనీ, తలుపు బాదనీ, కొంప అంటుకోనీ, పలకడం లేదు. ఈ కట్టడి మాణిక్యాంబ పెట్టింది కాదు, ఆవిడ అత్తగారు సంపూర్ణమ్మ పెట్టింది. ఆ మహాతల్లి పోయి చాలా కాలమైనా కట్టడి పోలేదు. అత్త పోతే కోడలు హాయిగా గాలి పీల్చుకుంటుందంటారు గాని, మాణిక్యాంబ ఆ గాలిని కూడా మడి కట్టుకునే పీల్చింది.

తొంభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలంలో ఆవిడకు జ్వరం వచ్చింది. లేవలేక పడుకుంటే మంచినీళ్ళిచ్చే దిక్కు లేకపోయింది. పాలు తీసుకోవడానికి గుమ్మంలోకి రాలేదని పాలవాడు అరిస్తే, పక్కింటివాళ్ళు గోడ దూకి వచ్చి చూశారు. కబురు విని కాకినాడ నుంచి ఆవిడ మరిది కొడుకు శశిభూషణ్ వచ్చాడు. ఇంట్లో సగం వాటా వాళ్ళ నాన్నది, ఇప్పుడతనిది. అపార్టుమెంట్లు కట్టేవాళ్ళు ఆ స్థలం కోసం తిరగబట్టి అప్పటికే కొంతకాలమైంది.

"దొడ్డమ్మా, ఒక్కదానివీ ఇక్కడ ఉండడం నాకేం బాగాలేదు. ఇల్లు ఇచ్చేసి మా ఫ్లాట్‌కి వచ్చేయి," అన్నాడు శశిభూషణ్.

"మీ ఫ్లాట్‌లో నుయ్యి ఉందిట్రా?"

"ఇరవైనాలుగ్గంటలూ కుళాయి ఉంది."

"కుళాయి నీళ్ళతో మడేంటి?"

అతను నిట్టూర్చి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చాడు. ముందు వాటాలో మనుషులుంటే తనకి బెంగ లేదు. శ్రావణం వెళ్ళేలోగా ఎవరైనా అద్దెకి దిగితే ఇల్లు ఉంచుదాం, లేకపోతే సంతకం పెట్టాలి. మాణిక్యాంబ సరేనంది. ఆషాఢంలో ఎవరూ ఇళ్ళు మారరు గాని, శ్రావణం వస్తే రాజమండ్రిలో వాటా దొరకడమే గగనం. తను గెలిచినట్టేనని లోపల అనుకుంది. వాడు ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడేంటా అని మరుక్షణమే అనుమానించింది.

శ్రావణం వచ్చింది. ఇళ్ళ బ్రోకరు బుజ్జిబాబు స్కూటరు మీద మనుషుల్ని తేవడం మొదలుపెట్టాడు. బ్యాంకులో పనిచేసే ఒకాయన భార్యతో వచ్చి వాటా అంతా చూసి, బాగుంది అన్నాడు. ఆయన భార్య వసారాలోకి వచ్చి నూతినీ, మధ్య తలుపునీ చూసి ఆయన చెయ్యి పట్టుకు లాగింది. గుమ్మం దిగుతూ ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు. తరవాత వచ్చిన ముసలావిడ గడపలో నిలబడి దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఇంకొకాయన వీధిలోంచే చూసి సైకిలు తిప్పుకున్నాడు.

మాణిక్యాంబ బుజ్జిబాబుని గుమ్మంలో నిలబెట్టి అడిగింది.

"ఏంట్రా, మా ఇంటికి ఏమైంది?"

"మీకు తెలీదేంటండీ మామ్మగారూ? మీ ఇల్లు పుస్తకంలో పడిందండి."

"ఏ పుస్తకం?"

"వారపత్రికండి. దెయ్యాల కథల పోటీ పెట్టేరు గదండీ, అందులో ఫస్టు ప్రైజు వచ్చిన కథండి. ఊరి పేరు రాయలేదనుకోండి. కానీ చదివినోళ్ళెవరైనా ఇది మీ ఇల్లే అంటారండి. నేను తెచ్చిన పార్టీలన్నీ చదివేసే వచ్చేయండి."

సాయంత్రం అతనే పాత సంచిక తెచ్చి ఇచ్చాడు. కథ పేరు 'నూతివైపు వసారా'. రాసిన మనిషి పేరు 'సహస్ర' అని ఉంది. అది అసలు పేరో, పెట్టుకున్న పేరో తెలీదు. మాణిక్యాంబ కళ్ళజోడు తుడుచుకుని మొదటి వాక్యం నుంచే తప్పు పట్టుకుందామని కూర్చుంది. ఒక్క తప్పూ దొరకలేదు. వీధిగుమ్మం పక్కన దీపం గూడు, దాని పైన అరిటాకు ఆకారంలో మసిమరక ఉన్నాయి. వాన పడితే వంటింట్లో కారే చోటు ఉంది. అద్దె వాటాలో విరిగిపోయిన కొక్కెం ఉంది, దాని బదులు కొట్టిన మేకు కూడా ఉంది. నూతి గిలక మొదట మూలిగి తరవాత కీచుమంటుందని రాశారు. నిజమే, మొదట మూలుగుతుంది, తరవాతే కీచుమంటుంది. తన ఇంటిని ఎవరో సందుసందునా తడిమినట్టు ఆవిడకు ఒళ్ళు జలదరించింది.

కథలో కొత్తగా పెళ్ళయిన జంట ఆ వాటాలో దిగుతారు. రోజూ తెల్లవారుతుండగా గిలక చప్పుడు, తరవాత తడిబట్ట చప్పుడు వినిపిస్తాయి. ఆ చప్పుడు వసారా వెంట వచ్చి మధ్య తలుపు అవతల ఆగిపోతుంది. తలుపు కింద సందులో రెండు పాదాల నీడ నిలబడుతుంది. ఆ అమ్మాయి వీధివైపునుంచి చుట్టూ తిరిగి వచ్చి చూస్తే తడి అడుగులు మాత్రమే ఉంటాయి. ఒకరోజు ఎదురుపడుతుంది. తెల్లబట్ట, కొసన ముడేసిన తడిజుట్టు, పెదవులు కదులుతుంటాయి గాని మాట రాదు. పిలిస్తే పలకదు, దగ్గరికి వెళితే వెనక్కి జరుగుతుంది. చివరికి భర్త ఊళ్ళో లేని రోజున ఆ అమ్మాయికి కడుపులో నొప్పి వచ్చి వసారాలో స్తంభం పట్టుకుని కూలబడుతుంది. ఎదురుగా వచ్చిన ఆ ఆకారాన్నే, వేరే దిక్కులేక, పిలుస్తుంది. అది ఆగి చూస్తుంది. తడిబట్ట కొంగు తగలకుండా దగ్గరికి లాక్కుని లోపలికి వెళ్ళిపోతుంది. లోపల్నుంచి గంట మోగుతుంది. కథ అక్కడితో అయిపోయింది.

మాణిక్యాంబ పుస్తకం మూసింది. ఆ దెయ్యం ఎవరో ఆవిడకు వెంటనే తెలిసిపోయింది. అచ్చం అత్తగారే. ఆ తడిజుట్టు ముడీ, ఆ కొంగు లాక్కోవడం, ఆ పెదవులూ సంపూర్ణమ్మవే. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునేవాళ్ళని చూశాం గాని, భుజం మీద కాయ పెట్టుకుని దొంగ కోసం వీధిలోకి చూసిన మనిషి ఈవిడే.

పైగా ఏడిచింది. ఆ అమ్మాయి స్తంభం పట్టుకున్న చోట మాణిక్యాంబకు కళ్ళు ఆగలేదు. తను ఈ ఇంట్లో కాలుపెట్టిన కొత్తలో ఒళ్ళు కాలిపోయే జ్వరంతో అదే వసారాలో పడుకుని మంచినీళ్ళు అడిగింది. మడిబిందె పట్టుకున్న సంపూర్ణమ్మ తన వైపు చూసి, చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. గంట మోగాక నీళ్ళు వచ్చాయి. ఆ మధ్యలో తను ఎంత దాహపడిందో ఎవరికీ చెప్పలేదు. ఈ కథ రాసిన వాళ్ళెవరోగాని తన కడుపులో చెయ్యి పెట్టి తీసి రాశారనుకుంది.

ఏడుపు అయ్యాక అనుమానం మొదలైంది. సంపూర్ణమ్మ పోయి ఇన్నేళ్ళయింది, అద్దెకున్నవాళ్ళెవరూ ఆవిణ్ణి ఎరగరు. మడిలో ఉన్న సంపూర్ణమ్మని చూసింది ఇంట్లోవాళ్ళే. ఇంట్లోవాళ్ళలో మిగిలింది ఎవరు? చిన్నప్పుడు సెలవులకు వచ్చి నూతి చుట్టూ ఆడుకున్న శశిభూషణ్. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మాణిక్యాంబ మటుకు పట్టేశాననుకుంది. వాటా అద్దెకు పోకుండా వాడే ఆడపేరుతో కథ రాసి వేయించాడు. అంత తేలిగ్గా ఒప్పందం చేసుకుంది అందుకే.

మర్నాడు ఎస్టీడీ బూతుకి వెళ్ళి ఫోన్ చేసింది.

"ఆ కథ నువ్వే రాశావు కదూ?"

"దొడ్డమ్మా, ఆఫీసుకి లీవ్ లెటర్ రాయడానికే నాకు బద్ధకం. నేను కథలు రాస్తానా?" అని అతను నవ్వాడు.

ఆ నవ్వు ఆవిడకు నచ్చలేదు. నిజంగా తెలీనివాడైతే ఏ కథ అని అడగాలి. అడగలేదు, అంటే తెలుసన్నమాట. ఇంటికొచ్చేలోగా అనుమానం కాస్తా రూఢి అయింది.

ఆ తరవాత రోజే ఇంకో విచిత్రం జరిగింది. పూజ ముగించి వసారాలోకి వచ్చేసరికి, మధ్య తలుపు ముందు తడి అడుగులు ఆరిపోతూ కనిపించాయి, కథలో ఉన్నట్టే. అయితే ఆవిడ తేలిగ్గా దెయ్యాల్ని నమ్మే మనిషి కాదు, మనుషుల్నే నమ్మదు. దెయ్యానికి పాదాలు వెనక్కి ఉంటాయంటారు, ఇవి ముందుకే ఉన్నాయి. కాబట్టి మనిషే. శశిభూషణ్ ఎవరికో డబ్బిచ్చి, తను పూజలో ఉండగా గోడ దూకించి అడుగులు వేయిస్తున్నాడు. ఈసారి పట్టుకుంటే తలుచుకోవడానికే భయపడాలి వెధవ అనుకుంది.

సాయంత్రం దీపం పెట్టాక, తను నడిచే దారి వదిలి, మధ్య తలుపు వారన ముగ్గుపిండి పలచగా, జల్లెడ పట్టినట్టు చల్లింది. ఎవరు నిలబడినా పాదం కొలత దొరుకుతుంది. పొద్దున్న ఎప్పటిలాగే నూతి దగ్గర స్నానం చేసింది, స్తోత్రం గొణుక్కుంటూ బిందె పట్టుకుని దేవుడి గదికి వెళ్ళింది, పూజ చేసింది, గంట కొట్టింది. నోరు తెరుచుకునే వేళ కాగానే దండెం కర్ర చేతిలోకి తీసుకుని వసారాలోకి వచ్చింది.

దొంగ పడ్డాడు. పిండిలో అడుగులు స్పష్టంగా ఉన్నాయి. నూతివైపు నుంచి వచ్చి, తలుపు ముందు రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు నిలబడ్డాడు, అక్కడ పిండి తడికి ముద్దకట్టింది. అక్కడినుంచి వెనక్కి వెళ్ళలేదు. ముందుకు వెళ్ళాడు. అంటే ఇంట్లోనే ఉన్నాడు. మాణిక్యాంబ కర్ర ఎత్తి పట్టుకుని ఆ తెల్లటి అడుగుల వెంట నడిచింది. అడుగులు వసారా దాటాయి. దేవుడి గది గడప తొక్కకుండా, కుడికాలు ముందు పెట్టి దాటాయి. లోపల పీట దగ్గరికి వెళ్ళి ఆగిపోయాయి. ఆవిడ పీట వెనక చూసింది, నగిషీ పెట్టె వెనక చూసింది. ఎవరూ లేరు. చివరికి పీట మీద కూర్చుంది. కూర్చున్నాక తన అరికాళ్ళు కనిపించాయి. రెండూ ముగ్గుపిండితో తెల్లగా ఉన్నాయి.

కర్ర ఎప్పుడు చేతిలోంచి జారిందో ఆవిడకు తెలీదు. ఖాళీ వాటా తలుపు ముందు తను రోజూ నిలబడుతోందని ఆవిడకు తెలీనే తెలీదు. మొదట్లో ఉల్లిపాయ వాసన కోసం నిలబడేది, అది నిజం. ఫణిశ్రీ వాళ్ళు వచ్చాక అలా కాదు. ఆ పిల్ల పాలు కాస్తూ ఏదో కూనిరాగం తీసేది. మొగుడూ పెళ్ళాం ఏవో కబుర్లు చెప్పుకునేవారు. మడినీళ్ళ బిందె చేతిలో బరువెక్కుతున్నా మాణిక్యాంబ వింటూ నిలబడేది. ఇల్లు ఖాళీ అయినా కాళ్ళకు ఆ అలవాటు పోలేదు. మగపిల్లాడు పుడితే ఏం పేరు పెట్టాలో వాళ్ళు తేల్చుకోలేకపోయారు గాని, ఆడపిల్లకు మాత్రం ఆ తలుపు అవతలే పేరు ఖాయం చేసుకున్నారు. ఇదేం పేరు, విష్ణుసహస్రంలో ఒక ముక్క తెంపుకున్నట్టు అని ఆవిడ మనసులో విసుక్కుంది కూడా. వాళ్ళు పెట్టుకున్న పేరు సహస్ర.

పుస్తకం మళ్ళీ తెరవక్కరలేదు. ఆ ఉదయం మొత్తం ఆవిడ కళ్ళ ముందుకు వచ్చింది. మణిశంకర్ ఎలక్షన్ డ్యూటీకి వెళ్ళాడు. వసారాలో స్తంభం పట్టుకుని ఫణిశ్రీ కూలబడి ఉంది. "మామ్మగారూ, ఒక్కసారి..." అంది. మాణిక్యాంబ చూసింది. ఎక్కడ పట్టుకుంటుందోనని మొదట కొంగు లాక్కుంది. నైవేద్యం ఒక్కటీ అయిపోతే వచ్చేద్దాం అని తరవాత అనుకుంది. ఆ రోజు అష్టోత్తరం గబగబా చదివింది కూడా. గంట కొట్టి బయటికి వచ్చేసరికి వసారాలో ఎవరూ లేరు. పాలవాడు రిక్షా పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వాళ్ళు తిరిగొచ్చాక ఆవిడ దూరంగా నిలబడి అడిగిన మాట ఒకటే. "ఏం తిన్నావమ్మా, బొప్పాయి గాని తిన్నావా?"

అత్తగారి దెయ్యాన్ని చూసి ఏడ్చిన మనిషికి ఇప్పుడు ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది.

ఫణిశ్రీ వెళ్ళేటప్పుడు ఉత్తరాల కోసమని అడ్రసు ఇచ్చి వెళ్ళింది. మాణిక్యాంబ రామచంద్రపురం మీదుగా బస్సులో ద్రాక్షారామం చేరింది. ద్రాక్షారామంలో దిగి ముందు భీమేశ్వరుణ్ణి చూడకుండా ఒక మనిషిని వెతుక్కుంటూ వెళ్ళడం ఆవిడ జన్మలో అదే మొదలు. తలుపు తీసిన ఫణిశ్రీ గుమ్మంలో ఆవిణ్ణి చూసి ఒకడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు మాణిక్యాంబకు తగలవలసిన చోటే తగిలింది.

"కథ గురించే వచ్చారాండీ?" అంది ఫణిశ్రీ, కుర్చీ చూపించి.

"అవునమ్మా."

"ఆయన స్కూలుకి వెళ్ళారండి. నన్నే అనండి, పడతాను." ఫణిశ్రీ తనే చెప్పుకొచ్చింది. "నేను ముందు వేరే కథ పంపానండి. పాడుబడ్డ బంగళా, గబ్బిలాలు, అమావాస్య అన్నీ పెట్టాను. ఎడిటరుగారు తిప్పి పంపేశారు. దెయ్యం సంగతి తరవాత చూద్దాం, ముందు మీరున్న ఇల్లు రాయండి, అందులో మీకు నిజంగా భయం వేసింది రాయండి అన్నారు. రాశాను. నేను కల్పించిందేం లేదండి మామ్మగారూ. దెయ్యమన్న మాటొక్కటే కల్పించాను."

"చదివి, మా అత్తగారనుకున్నాను," అంది మాణిక్యాంబ. "ఆ పిల్ల పడిపోయిన చోట ఏడ్చాను కూడాను."

ఫణిశ్రీ వింతగా చూసింది.

"ఆ రోజు నువ్వు పిలిచావు, నాకు వినపడింది. వినపడలేదని చెబుదామనే బస్సెక్కానమ్మా. దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఇక్కడికొచ్చాక నోరు రావట్లేదు."

వంటింట్లో కుక్కరు కూత వేసింది. ఫణిశ్రీ లేవలేదు. చీర కుచ్చిళ్ళు సవరించుకుంటూ నెమ్మదిగా మాట్లాడింది.

"ఎలాగూ నిలిచేది కాదన్నారండి డాక్టరమ్మగారు. మీరు వచ్చి పట్టుకున్నా ఏం చెయ్యగలిగేవారు కాదు. నేను అడిగింది అది కాదండి. వస్తున్నానమ్మా అని ఒక్క మాట అంటారేమోనని ఆ గది వైపే చూశాను. గంట మోగింది."

మాణిక్యాంబ తల దించుకుంది. క్షమించమని ఎలా అడగాలో ఆవిడకు అలవాటు లేదు, అడిగినా ఆ అమ్మాయి ఏమనేదో తెలీదు. ఫణిశ్రీ లేచి, "కాఫీ ఇస్తాను గానీ మీరు తాగరు కదండీ," అంది. "ఇయ్యమ్మా," అంది మాణిక్యాంబ. పరాయి ఇంట్లో, స్టీలు గ్లాసు కరిచి, ఆ కాఫీ చివరిదాకా తాగింది. ఎవరు కడిగిన గ్లాసు అని ఆవిడకు అనుమానం రాలేదని చెప్పను. వచ్చింది. వచ్చినా తాగింది.

ఇల్లు ఎందుకు అద్దెకు పోవడంలేదో మాటల్లో ఫణిశ్రీకి తెలిసింది. ఆ పిల్లకు భయం వేసింది. "ఆ ఇల్లు నా కల్పన అని పత్రికకి రాస్తానండి," అంది. మాణిక్యాంబ చెయ్యి అడ్డంగా ఊపింది. "వద్దు. ఉన్నదే రాశావు, ఉండనీ," అంది. బస్టాండు దాకా ఫణిశ్రీ వచ్చింది. మళ్ళీ రండి అని ఆ అమ్మాయి అనలేదు, వస్తానని ఈవిడా అనలేదు.

శ్రావణంలో ఆఖరి శుక్రవారం వచ్చింది. కాగితాలు సిద్ధమయ్యాయని శశిభూషణ్ కబురు చేశాడు. మాణిక్యాంబ ఆ ఉదయం నూతి దగ్గర నీళ్ళు పోసుకుని, బిందె ఎత్తుకుని వసారాలో సగం దాకా వచ్చింది. వీధిగుమ్మంలో స్కూటరు ఆగింది. బుజ్జిబాబు గొంతు, ఇంకో మగ గొంతు, ఒక ఆడపిల్ల గొంతు వినిపించాయి.

"ఎవరండీ ఇంట్లో? కాసిని మంచినీళ్ళిస్తారా?" అంది ఆ అమ్మాయి.

"ఆగండమ్మా, మామ్మగారు మడిలో ఉంటారు. ఈ టైములో పలకరండి," అన్నాడు బుజ్జిబాబు.

మాణిక్యాంబ మధ్య తలుపు ముందు ఆగింది. దేవుడి గదిలో అప్పటికే దీపం వెలుగుతోంది, మహానైవేద్యానికి బియ్యం కడిగి ఉంది. అంత పొద్దున్న ఆ ఇంట్లో ఆవిడ గొంతు లేచి ఎన్నేళ్ళయిందో.

"వస్తున్నానమ్మా," అంది.

వీధిలో బుజ్జిబాబు స్కూటరు తాళం కింద పడేసుకున్నాడు. మాణిక్యాంబ బిందె దించి, చెంబుతో నీళ్ళు ముంచుకుని, మధ్య తలుపు గడియ తీసి, ఖాళీ వాటాలోంచి నడిచి వీధిగుమ్మం తెరిచింది. తడి తెల్లచీర, కొసన ముడేసిన జుట్టు, చేతిలో మడినీళ్ళ చెంబు. గడపలో నిలబడ్డ అమ్మాయి ఆవిణ్ణి చూసి భర్త వెనక్కి జరగబోయి, జరగలేక నిలబడింది.

"ఆ కథలో ఇల్లు... ఇదేనటగా అండీ?"

"ఇదేనమ్మా. అందులో దెయ్యాన్ని నేనే. ముందు మంచినీళ్ళు పుచ్చుకో."

అమ్మాయి చెంబు అందుకుంది. అందుకునేటప్పుడు వేళ్ళు తగిలాయి. గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఆవిడ మొహంలోకి చూసింది.

"మేం ఉల్లిపాయ తింటామండి," అంది, ముందే చెప్పేయడం మంచిదన్నట్టు.

మాణిక్యాంబకు ఆ మాట మింగడం కాఫీ తాగినంత తేలిక కాలేదు. "తినండి. నూతివైపు కిటికీ మాత్రం వేసుకోండి," అంది.

అమ్మాయి మొదటిసారి నవ్వింది. "పలికే దెయ్యమైతే మాకేం ఇబ్బంది లేదండి," అని భర్త వైపు తిరిగింది. అతను పాలు ఎప్పుడు పొంగించుకోమంటారని అడిగాడు. ఇది నిజమేనా, వీళ్ళనీ ఎవరైనా పంపారా అని మాణిక్యాంబకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానాన్ని గుమ్మంలోనే వదిలేసి, మంచిరోజు చూసి కబురు చేస్తానంది.

వాళ్ళు వెళ్ళాక మళ్ళీ నూతి దగ్గరికి వెళ్ళి, గిలక మూలుగుతుంటే ఇంకో చేద తోడుకుని, రెండోసారి స్నానం చేసింది. ఆ శుక్రవారం ఆ ఇంట్లో గంట ఆలస్యంగా మోగింది.